తెల్లారుజామున నాలుగు గంటల ఫోను: ఆఫీసు ఫోన్ సిస్టమ్ ఎంచుకోవడం, పెట్టడం, నడపడం

రొయ్యల చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండేది తెల్లారుజామున. పగలు ఎండలో పాచి తయారుచేసిన ప్రాణవాయువుని రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగు బురద కలిసి వాడేసుకుంటాయి. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయి నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే, రైతు గట్టు మీద టార్చి వేసుకుని మేత బస్తా తిరగేసి, దాని మీద అచ్చు వేసిన నంబరుకి ఫోన్ చేస్తాడు. మా రొయ్యల మేత కంపెనీలో ఆ నంబరు భీమవరంలో తాళం వేసిన ఆఫీసులో, రిసెప్షన్ బల్ల మీద, చీకట్లో మోగేది. పొద్దున తొమ్మిదిన్నరకి మేడం గారు వచ్చి గుడ్డతో ఫోను తుడిచేవారు. రాత్రి అది ఎన్నిసార్లు మోగిందో ఎవరికీ తెలిసేది కాదు.

అప్పట్లో ఫోన్లు ఎలక్ట్రీషియన్ పని, నాది ఐటీ పని. ఓ రోజు మా ఎండీ గారు "వైర్లన్నీ నీవే కదా, ఫోన్లు కూడా నువ్వే చూసుకో" అన్నారు. చాలా ఆఫీసుల్లో ఐటీ డిపార్ట్‌మెంటు నెత్తిన ఫోన్లు పడేది ఇలాగే. మీకూ అలాగే పడి ఉంటే, ఇరవై నుంచి వంద ఎక్స్‌టెన్షన్ల (లోపలి ఫోన్ల) ఆఫీసైతే, కింద రాసింది పనికొస్తుంది. రైసుమిల్లు, కొబ్బరి వ్యాపారం, ఆసుపత్రి, కాలేజీ ఏదైనా సరే, మా చెరువు గొడవ తీసేసి మీ గొడవ పెట్టుకోండి.

ముందు వారం రోజులు లెక్క రాయండి

కొటేషన్ తెప్పించకండి. కొటేషన్ తెప్పిస్తే వెండారు వస్తాడు, వెండారు వస్తే రంగు తెర ఉన్న ఫోను బల్ల మీద పెడతాడు, ఇక అక్కణ్ణుంచి మాటంతా ఆ ఫోను మీదే. దానికి బదులు ఒక రూళ్ల పుస్తకం కొని రిసెప్షన్‌లో పెట్టండి. టైము, ఎవరు, ఎందుకు, ఎవరికి కలిపారు, చివరికి పనైందా. అయిదు గళ్లు చాలు. మా పుస్తకంలో మొదటి రోజు పేజీ ఇలా ఉంది:

"11-20. ఉండి రైతు. డాక్టరు గారి కోసం. 24కి ఇచ్చాను, ఎత్తలేదు. 31కి ఇచ్చాను, మాకు సంబంధం లేదన్నారు. మళ్లీ 24కి ఇస్తే కట్ అయింది. 11-27. అదే రైతు, కోపంగా."

ఈ ఒక్క పేరా నాకు చెప్పింది ఏ బ్రోచరూ చెప్పలేదు. మాకు కావలసింది రంగు తెర కాదు. 24 ఎత్తకపోతే కాల్ ఎక్కడికి పోవాలన్న నిర్ణయం. అది మిషను తీసుకునేది కాదు, రొయ్యల డాక్టరు గారు, సేల్స్ మేనేజరు గారు, నేను కూర్చుని తేల్చుకోవలసింది.

పుస్తకంతో పాటు పాత ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్లని బయటి లైన్లతో కలిపే పెట్టె) వెనక సీరియల్ పోర్టు ఉందేమో చూడండి. చాలా పెట్టెలు ప్రతి కాల్ వివరం ఆ పోర్టు గుండా బయటికి పంపిస్తాయి. టెక్నీషియన్లు ఎస్ఎండీఆర్ అనేది దాన్నే. పాత కంప్యూటరు తగిలిస్తే ఏ ఎక్స్‌టెన్షన్, ఏ లైను, ఎంతసేపు అన్నది వరసగా ఫైల్లో పడుతుంది. మాది పదేళ్లుగా ఆ వివరాలు పంపుతూనే ఉంది, వినేవాడే లేడు.

నంబరు ఎవరి పేరున ఉందో చూడండి

మన వైపు వ్యాపారంలో అసలు ఫోన్ సిస్టమ్ ఏదంటే ఫీల్డ్ కుర్రాళ్ల జేబులో ఉన్న సొంత సిమ్ములు. రైతుకి కంపెనీ నంబరు గుర్తుండదు, కుర్రాడి నంబరు గుర్తుంటుంది. ఆ కుర్రాడు ఉద్యోగం మానేసి ఎదురు కంపెనీలో చేరిన రోజున ఆకివీడు నుంచి మొగల్తూరు దాకా రైతులందరూ అతనితో పాటే వెళ్లిపోతారు. అతని తప్పేమీ లేదు, నంబరు అతనిదే కదా. అందుకని డబ్బు ఖర్చు పెట్టే ముందే కాగితం మీద మూడు జాబితాలు వేసుకోండి. కంపెనీ పేరున ఉన్న ల్యాండ్‌లైన్లు, కంపెనీ పేరున ఉన్న సిమ్ములు, ఉద్యోగుల సొంత సిమ్ములు అయి ఉండీ కంపెనీ పనికి తిరుగుతున్నవి. మూడో జాబితా పొడుగు చూసి మా ఎండీ గారు కాసేపు మాట్లాడలేదు.

ఇంకో సంగతి. మొబైల్ నంబరు ఇంకో కంపెనీకి మార్చుకున్నట్టు ల్యాండ్‌లైన్ నంబరు మార్చుకునే వీలు మన దేశంలో లేదు. 08816తో మొదలయ్యే మా పాత నంబరు 25 కిలోల బస్తాల మీద, వ్యాన్ల మీద, ఊరి గోడల మీద ఉంది. కొత్త ట్రంకుతో (బయటి లైన్ల కట్టతో) పాటు కొత్త నంబరు వస్తుంది కానీ, గోడలన్నీ మళ్లీ ఎవరు రాయిస్తారు? కాబట్టి పాత లైను వదలకండి. కొత్త పెట్టెలో దాని కోసం ఒక అనలాగ్ పోర్టు, అంటే పాత రాగి తీగ తగిలేది, అడగండి. బయటి లైను వచ్చి తగిలే పోర్టుని ఎఫ్ఎక్స్ఓ అంటారు, లోపలి మామూలు ఫోను తగిలించేదాన్ని ఎఫ్ఎక్స్ఎస్ అంటారు. కొటేషన్‌లో ఈ రెండూ తారుమారు కావడం నేను రెండుసార్లు చూశాను.

లైన్లు ఎన్ని కావాలి

రద్దీ గంటలో 60 కాల్స్ వస్తున్నాయనుకుందాం, ఒక్కోటి సగటున 3 నిమిషాలు. మొత్తం 180 నిమిషాలు, అంటే గంటలో 3 గంటల మాట. మూడు లైన్లు చాలుగా అనిపిస్తుంది. చాలవు. కాల్స్ వరసలో నిలబడి రావు, గుంపుగా వస్తాయి. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1917లో దీనికి సూత్రం ఇచ్చాడు. ఆ 3 గంటల మాటని ఆయన పేరుతోనే 3 ఎర్లాంగ్‌లు అంటారు. ఆ సూత్రం ప్రకారం మూడు లైన్లే ఉంటే వందలో 35 మందికి ఎంగేజ్ వస్తుంది. అయిదు ఉంటే 11 మందికి. ఎనిమిది పెడితే వందలో ఒకరికి కూడా రాదు. నెట్‌లో ఎర్లాంగ్ బి కాలిక్యులేటర్లు ఉచితంగా ఉన్నాయి, మీ పుస్తకంలోని లెక్క అందులో వేయండి.

పీఆర్‌ఐ అనే డిజిటల్ లైను తీసుకుంటే ఒకేసారి 30 మాటలు నడుస్తాయి. మా సైజు ఆఫీసుకి అది పెళ్లి వంట గుండిగలో ఇద్దరికి వండినట్టు. సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ పద్ధతిలో వచ్చే బయటి లైన్లు) అయితే ఎనిమిది చానళ్లతో మొదలుపెట్టి, సీజన్లో పన్నెండు చేసుకోవచ్చు.

పెట్టె ఎంచుకోవడం

దారులు నాలుగు. పాత పద్ధతి అనలాగ్ ఈపీఏబీఎక్స్. అనలాగ్, ఐపీ (కంప్యూటరు నెట్‌వర్క్ మీద నడిచేది) రెండూ కలిసిన హైబ్రిడ్. పూర్తి ఐపీ పీబీఎక్స్, మన ఆఫీసులోనే చిన్న సర్వరు మీద. నాలుగోది క్లౌడ్, అంటే పెట్టె ఎక్కడో ఉంటుంది, మన దగ్గర ఫోన్లూ ఇంటర్నెట్టూ మాత్రమే.

హైదరాబాద్ నుంచి వచ్చే సలహా ఎప్పుడూ క్లౌడే. అక్కడికి అది సరైన సలహా. మన దగ్గర ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇంటర్నెట్ ఆగిన రోజున మూడో గదిలో ఉన్న అకౌంటెంటుకి ఫోన్ చేయగలనా? క్లౌడ్ అయితే చేయలేరు, పక్క గది మాట కూడా నెట్ దాటి వెళ్లి రావాలి. 2022 మే 24 అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని గోదారి గట్లకి వెళ్లారు. ఆఫీసు ఫోనంతా మొబైల్ యాప్ మీదే నడిపేవాళ్ల సంగతి ఆలోచించండి. తుపాను సంగతి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి చూసినవాళ్లు మన వైపు ప్రతి ఇంట్లో ఉన్నారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. స్తంభం మీద వేలాడే ఫైబరు ఆ స్తంభం ఉన్నంతసేపే.

నేనైతే డెల్టాలో హైబ్రిడ్‌కే ఓటేస్తాను. ఆఫీసు గదుల్లో ఐపీ ఫోన్లు, గేటు, కాటా, గోడౌన్ దగ్గర మామూలు అనలాగ్ ఫోన్లు. బయటికి సిప్ ట్రంక్, పక్కన పాత రాగి లైను ఉంటే ఉంచుకుని, రెండు సిమ్ములు పట్టి వాటి గుండా కాల్స్ పంపే జీఎస్ఎం గేట్‌వే ఒకటి. మూడు దారులూ మూడు రకాలుగా చస్తాయి, ఒకేసారి చావడం అరుదు. కొనేటప్పుడు "రెండు ఇంటర్నెట్ కనెక్షన్లు ఉన్నాయండీ" అని మురిసిపోకండి, వీధిలోకి వెళ్లి తల పైకెత్తి చూడండి. మా రెండు కంపెనీల తీగలూ ఒకే కరెంటు స్తంభం నుంచి వస్తున్నాయి. కొబ్బరి చెట్టు పడితే రెండూ ఒకేసారి పోతాయి.

లైనక్స్ వచ్చినవాళ్లు మీ డిపార్ట్‌మెంటులో ఇద్దరుంటే ఆస్టరిస్క్, ఫ్రీపీబీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల మీద సొంతంగా కట్టుకోండి. లైసెన్సు ఖర్చు లేదు, ఏ ఫోనైనా తగులుతుంది. ఒక్కడే ఉంటే వద్దు. ఆ ఒక్కడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజున మీ ఫోన్లు అనాథలు.

ఊళ్లోని పాత ఫోన్ టెక్నీషియన్‌ని తక్కువగా చూడకండి. తణుకు, పాలకొల్లుల్లో క్రోన్ బాక్సు (ఫోన్ తీగలన్నీ కలిసే పెట్టె) తెరిచి జంపర్ వైరు చూసి ఏది ఎక్కడికి పోతుందో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పెట్టె ధర కంటే, అది పాడైతే ఎన్ని గంటల్లో మనిషి వస్తాడన్నదే ముఖ్యం. విజయవాడ నుంచి వస్తానంటే సాయంత్రమే. ఏఎంసీ (ఏడాది మరమ్మతు ఒప్పందం) కాగితం మీద గంటలు రాయించండి, "వీలైనంత త్వరగా" అన్న మాట కొట్టేయించండి.

తీగలు, స్విచ్చులు

ఒక ఐపీ కాల్‌కి జీ 711 కోడెక్‌తో (మాటని అంకెలుగా మార్చే పద్ధతితో) ఒక్కో వైపు దాదాపు 87 కేబీపీఎస్ ఖర్చవుతుంది, జీ 729తో 31 దాకా. ఎనిమిది కాల్స్ కలిపినా ఒక ఎంబీపీఎస్ దాటదు. వంద ఎంబీపీఎస్ లైనుండీ మాట తెగుతోందంటే అది వేగం గొడవ కాదు, వరస గొడవ. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకూడదు, ప్యాకెట్ల (నెట్ మీద పోయే మాట ముక్కల) అంతరంలో ఊగిసలాట 30 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, పోయే ప్యాకెట్లు వందకి ఒకటి మించకూడదు.

మా దగ్గర రోజూ పదిన్నర నుంచి పదకొండు మధ్య అవతలివాళ్లకి మా మాట నీళ్లలోంచి వినిపించినట్టు వినిపించేది. వాళ్ల మాట మాకు శుభ్రంగా వినిపించేది. ఒక వైపే చెడిందంటే అప్‌లోడ్ నిండిందని అర్థం. ఫోన్లు మార్చాం, ట్రంక్ కంపెనీని విసిగించాం. చివరికి చూస్తే ఫ్యాక్టరీ సీసీ కెమెరాల రికార్డింగు ఆ టైముకే క్లౌడ్‌కి ఎక్కుతోంది. ఆ షెడ్యూలు పెట్టింది నేనే. దాన్ని అర్ధరాత్రికి మార్చి, ఫోన్లకి వేరే వీల్యాన్ (అవే తీగల మీద విడి నెట్‌వర్క్) వేసి, స్విచ్చులోనూ రూటరులోనూ మాటకి ముందు వరస ఇచ్చాక ఆ ఫిర్యాదు మళ్లీ రాలేదు. ఈ ముందు వరస గుర్తుని డీఎస్‌సీపీ 46 అంటారు, ఫోన్లు సాధారణంగా అదే వేసుకుని పంపుతాయి. మధ్యలో ఎవరూ చెరపకుండా చూడటమే మన పని. రూటరులో సిప్ ఏఎల్‌జీ అన్న ఐచ్ఛికం ఉంటే ఆపేయండి. సాయం చేయబోయి అడ్రసులు పాడుచేసే గుణం దానిది. కాల్ కలిసి ఒక వైపే వినిపిస్తోందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ఫ్యాక్టరీ లోపల వైర్‌లెస్ ఫోన్లు పెట్టబోయే ముందు పరీక్ష చేసి చూడండి. రొయ్యల ప్రాసెసింగ్ హాలు, కోల్డ్ స్టోరేజీ గోడలు రెండు వైపులా రేకు, మధ్యలో నురుగు ఉన్న పఫ్ ప్యానెళ్లు. తలుపు పడితే సిగ్నల్ అక్కడితో సరి. లోపల ఒక గోడ ఫోను పెట్టడం చవక.

కరెంటు, పిడుగు, ఉప్పు గాలి

పాత అనలాగ్ లైనుకి కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఫైబరు వచ్చాక ఆ సుఖం పోయింది, మన గోడ మీది పెట్టెకి మనమే కరెంటు ఇవ్వాలి. లెక్క ఇలా వేయండి. 20 ఐపీ ఫోన్లు, ఒక్కోటి 5 వాట్లు, వెరసి 100. స్విచ్చు సొంత వాడకం 40, పీబీఎక్స్ 15, ఫైబరు పెట్టె, రూటరు కలిపి 25. మొత్తం 180 వాట్లు. నాలుగు గంటలు నడవాలంటే 720 వాట్ అవర్లు. ఇన్వర్టరు నష్టం వందకి ఇరవై వేస్తే 900. బ్యాటరీ నాలుగు కాలాలు బతకాలంటే సగానికి మించి ఖాళీ చేయకూడదు, కాబట్టి 1800. పన్నెండు వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి సరిగ్గా అంతే. ఇళ్లలో మెట్ల కింద ఉండేదే. దాన్ని ఫోన్లకి మాత్రమే ఉంచండి. ఎవరో ఒకరు ఫ్యాను తగిలిస్తారు, ఆ బోర్డుకి తాళం వేయండి.

పిడుగు తీగ వెంట వస్తుంది. ఫైబరు వెంట రాదు, రాగి వెంట వస్తుంది. ఆఫీసు నుంచి గేటుకో కాటాకో బయట ఆకాశం కింద రాగి తీగ లాగారంటే అది పిడుగుకి వేసిన బాట. దూరమైతే ఫైబరు వేసి రెండు చివర్లా ఫైబరుని రాగికి కలిపే మీడియా కన్వర్టరు పెట్టండి. తప్పనిసరై రాగి వేస్తే క్రోన్ మాడ్యూల్ మీద పిడుగు తాకిడిని నేలకి మళ్లించే సర్జ్ అరెస్టరు పెట్టి, దాని ఎర్త్ తీగ నిజంగా ఎర్త్ పిట్‌కి చేరిందో లేదో తడిమి చూసుకోండి. మా దాంట్లో ఆ ఆకుపచ్చ తీగ గోడ దాకా వచ్చి, సున్నం వెనక చుట్ట చుట్టుకుని కూర్చుంది. ఎవరు అలా వదిలేశారో కానీ, రెండు వేసవుల్లో రెండు కార్డులు కాలాకే గోడ గీకి చూశాం.

మన నేల తడి నేల, ఎర్తింగ్ బాగానే కుదురుతుంది. కానీ నరసాపురం, అంతర్వేది వైపు జీఐ (జింకు పూత ఇనుప) పట్టీని ఉప్పు తినేస్తుంది. ఏటా వేసవిలో కొలిపించండి. అదే ఉప్పు గాలికి ఫోను జాక్ పిన్నులు పచ్చబడతాయి, లైన్లో గరగర మొదలవుతుంది. గరగరమంటే ముందు ఫోను మార్చకండి, తీగ కొన మార్చండి. పెట్టె వెనక రంధ్రాలన్నీ మూయండి. బల్లి పవర్ సప్లై మీద రెండు కొసల మధ్య అడ్డంగా పడుకుంటే దానితో పాటు కార్డూ పోతుంది. ఇంకొకటి, ర్యాకుని కింది అంతస్తులో పెట్టకండి.

నంబర్ల వరస

ఎక్స్‌టెన్షన్లు 1తో మొదలుపెట్టకండి. 100, 101, 108, 112 అన్నీ అక్కడే ఉన్నాయి. ఆపదలో ఉన్న మనిషి 108 నొక్కితే స్టోర్స్‌లో మోగకూడదు. ఈ నంబర్లకి ముందు బయటి లైను సున్నా నొక్కక్కర్లేకుండా, ఏ తాళమూ అడ్డు రాకుండా నేరుగా పోయేలా పెట్టి, గేటు ఫోను నుంచి కూడా పోతున్నాయేమో చూడండి. పరీక్ష కాల్ అని అవతలివాళ్లకి చెప్పి పెట్టేయండి. ఎక్స్‌టెన్షన్లలో 2లు ఆఫీసు, 3లు ఫ్యాక్టరీ, 4లు ల్యాబు, ఇలా పెట్టుకుంటే మేడం గారికి నోటికి వచ్చేస్తాయి.

సున్నా గురించి ఒక పిట్టకథ. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 తప్పనిసరి అయింది. మా పెట్టెలో చాలా ఎక్స్‌టెన్షన్లకి ఎస్టీడీ తాళం ఉండేది, అంటే బయటి లైను తీసుకున్నాక సున్నాతో మొదలైతే ఆపెయ్యమని. ఆ రోజు కనుమ పండగ. సెలవులు అయ్యాక వచ్చి చూస్తే ఎవరికీ మొబైల్ కలవడం లేదు. ఫోన్లు పాడయ్యాయని నలుగురు నా మీద పడ్డారు. పాడవలేదు, మొబైల్ నంబర్లన్నీ మా పెట్టె దృష్టిలో ఎస్టీడీ అయిపోయాయి. తాళాలు వేసేటప్పుడు ఏ నంబరు వరసని ఎందుకు ఆపుతున్నామో పక్కన తెలుగులో ఒక ముక్క రాసి పెట్టుకోవాలని అప్పుడు తెలిసింది.

రైతుకి వినిపించే గొంతు

మా మొదటి ఐవీఆర్ (బటన్లు నొక్కమని చెప్పే గొంతు) ఊరు కాని ఊళ్లో రికార్డు చేయించాం. "మీ అమూల్యమైన కాల్‌కు ధన్యవాదములు" అని మొదలై, ఆరు బటన్లు చదివి, మళ్లీ వినడానికి తొమ్మిది నొక్కమనేది. కాల్ రికార్డు తీసి చూస్తే సగం మంది మూడో బటను రాకముందే పెట్టేశారు. ఒకాయనైతే ఆ గొంతుతో మాట్లాడుతున్నాడు: "అమ్మా, కొంచెం ఆగమ్మా, డాక్టరు గారున్నారా?"

రెండోసారి మా ల్యాబులో పనిచేసే వీరవాసరం అమ్మాయి చేత చెప్పించాం. మొత్తం పన్నెండు సెకన్లు: "నమస్కారమండీ. మేత కావాలంటే ఒకటి నొక్కండి. బిల్లు సంగతైతే రెండు. చెరువులో ఇబ్బందైతే ఏమీ నొక్కక్కర్లేదండి, లైన్లోనే ఉండండి, మనిషి మాట్లాడతారు."

ఇందులో రెండు సూత్రాలున్నాయి. ముందు పని చెప్పి తర్వాత అంకె చెప్పాలి. "ఒకటి నొక్కితే మేత" అంటే మేత అని వినేసరికి ఒకటో రెండో మర్చిపోతారు. రెండోది, అందరికంటే కంగారులో ఉన్నవాడు ఏమీ చేయకపోయినా మనిషి దగ్గరికి చేరాలి. చీకట్లో చేతులు తడిగా ఉన్నవాడు బటను వెతకలేడు.

రికార్డింగు 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలుగా మార్చి ఎక్కించండి, గొంతు స్పష్టంగా ఉంటుంది. బటన్లు నొక్కినా పెట్టె పట్టించుకోవడం లేదంటే డీటీఎంఎఫ్ (బటను నొక్కినప్పటి కూత) పంపే పద్ధతి రెండు వైపులా ఆర్ఎఫ్‌సీ 2833గా ఉందో లేదో చూడండి. జీ 729 కోడెక్‌లో మాటతో కలిపి పంపితే ఆ కూతలు నలిగిపోతాయి.

రాత్రి కాల్ ఎక్కడికి పోవాలి

అసలు సిస్టమ్ ఇదే. రాత్రి ఏడు నుంచి పొద్దున తొమ్మిది దాకా వచ్చే కాల్ డ్యూటీలో ఉన్న చెరువుల టెక్నీషియన్ మొబైల్‌కి పోవాలి. 20 సెకన్లలో ఎత్తకపోతే రెండో మనిషికి, ఆ తర్వాత మూడో మనిషికి. కాగితం మీద తేలికే.

గుంట ఎక్కడుందంటే, ఈ బయటి కాల్ అనలాగ్ లైను గుండా పంపితే, అవతల ఎత్తారో లేదో పెట్టెకి చాలాసార్లు తెలియదు. లైను మీద పోలారిటీ మారితేనే తెలుస్తుంది, ఆ సౌకర్యం లేకపోతే అంకెలు నొక్కగానే "కలిసింది" అనుకుని ఊరుకుంటుంది. మొదటి మనిషి నిద్రలో ఉంటే రెండోవాడి దాకా వెళ్లదు. అందుకని రాత్రి కాల్స్ బయటికి సిప్ ట్రంక్ మీదే పంపండి, ఎత్తిన సంకేతం అక్కడ శుభ్రంగా వస్తుంది. దానికి తోడు కాల్ కన్ఫర్మ్ పెట్టండి: ఎత్తినవాడు ఒకటి నొక్కితేనే రైతుని కలపాలి. లేకపోతే ఎవరి ఫోన్లోనో వాయిస్ మెయిల్ ఎత్తేసి రైతుతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది.

లైను ఎంచుకునేటప్పుడే, ఇలా మళ్లించిన కాల్‌లో రైతు నంబరు టెక్నీషియన్‌కి కనిపిస్తుందా, మా ఆఫీసు నంబరు కనిపిస్తుందా అని అడగండి. సాధారణంగా ఆఫీసు నంబరే కనిపిస్తుంది. అప్పుడు తిరిగి చేయడానికి రైతు నంబరు ఎస్ఎంఎస్‌గానో మెయిల్‌గానో పోయే ఏర్పాటు వేరే చేసుకోవాలి. సెలవుల క్యాలెండరు కూడా పెట్టెలో ఏటా డిసెంబరులోనే వేసేయండి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఆఫీసులో ఎవరూ ఉండరు, కోడిపందేల దగ్గర ఎవరికీ ఫోను వినపడదు. చెరువుకి పండగ తెలీదు.

తాళాలు, చట్టాలు

సిప్ పోర్టు 5060ని ప్రపంచానికంతటికీ తెరిచి పెట్టారంటే గంటల్లోనే ఎవరెవరో తలుపు తడతారు. ఎక్స్‌టెన్షన్ 201కి పాస్‌వర్డు 201 అయితే, శనివారం రాత్రి మీ లైను మీద ఎక్కడో దూరదేశాలకి మాట్లాడుకుంటారు, బిల్లు సోమవారం మీకు. ట్రంక్ కంపెనీ ఐపీ అడ్రసుకి తప్ప ఆ పోర్టు మూసేయండి. బయట నుంచి వాడేవాళ్లకి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద తాళం వేసిన దారి) ఇవ్వండి. ఐఎస్‌డీ మన పెట్టెలోనే కాకుండా కంపెనీ చేత కూడా ఆపించండి.

కాల్ రికార్డు చేస్తే ముందే చెప్పండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం తర్వాత రైతు గొంతు కూడా ఆయన డేటాయే. ఎన్నాళ్లు ఉంచుతారో రాసి పెట్టుకుని, ఆ రోజు రాగానే చెరపండి. స్థలం పెద్ద సమస్య కాదు, మామూలు వేవ్ ఫైలు నిమిషానికి దాదాపు ఒక ఎంబీ. ఇంటర్నెట్ మీద వచ్చిన బయటివాళ్ల కాల్స్‌ని సిమ్ముల గుండా ఊళ్లోకి దింపడం నేరం. జీఎస్ఎం గేట్‌వే మన ఆఫీసు కాల్స్‌కే. ప్రకటన కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లు వేరే ఉన్నాయి. సేల్స్ వాళ్లు ఆఫీసు లైను నుంచి మేత ఆఫర్ చెబుతూ వందల మందికి వరసగా చేస్తే, ఫిర్యాదుల మీద లైనే పోవచ్చు.

మార్చే వారం, ఆ తర్వాత

ఒకేరోజు అంతా మార్చకండి. ముందు ఐటీ, ఆ తర్వాత అకౌంట్స్, చివర రిసెప్షన్. పాత పెట్టెని మూడు నెలలు గోడ మీదే ఉంచండి. ప్రతి జాక్‌కీ నంబరు అంటించండి, స్కెచ్ పెన్‌తో రాస్తే ఈ తేమకి వానాకాలంలోపే పోతుంది, ప్రింటు లేబుల్ వాడండి. కాన్ఫిగరేషన్ బ్యాకప్ మార్పు చేసిన ప్రతిసారీ తీసి, ఆ పెట్టెలో కాకుండా వేరేచోట పెట్టండి. ఒక ఫోను, ఒక పవర్ సప్లై, ఒక చిన్న స్విచ్చు బీరువాలో ఉండాలి. ఎవరైనా ఉద్యోగం మానేస్తే హెచ్‌ఆర్ వాళ్లు కంప్యూటరు లాగిన్ తీసెయ్యమని చెబుతారు, ఫోను సంగతి చెప్పరు. వాళ్ల ఎక్స్‌టెన్షన్‌కి, సిమ్ముకి, రాత్రి డ్యూటీ వరసకి మీరే గుర్తు పెట్టుకుని పేరు మార్చాలి.

నెలకోసారి తెల్లారుజామున మూడూ యాభైకి అలారం పెట్టుకుని, నేనే నా సొంత ఫోను నుంచి బస్తా మీది నంబరుకి చేస్తాను. ఎవరికీ చెప్పను. మొదటి నెల ఎవరూ ఎత్తలేదు, డ్యూటీ మనిషి నంబర్లో ఒక అంకె తప్పు కొట్టాను. రెండో నెల మూడో మనిషి దాకా వెళ్లింది. పోయిన నెల రెండో రింగుకే ఎత్తారు. నేను నోరు తెరిచేలోపే అటు నుంచి కుర్రాడు, నిద్ర గొంతుతోనే, "ఆయ్, చెప్పండి. ఏరియేటర్లు తిరుగుతున్నాయా అండీ? ముందు మేత ఆపేయండి" అన్నాడు.